మీకు తెలుసా? బండి దమ్ము కాలికే ముందు తెలుస్తుంది

కిక్ కొట్టి కొట్టి కాలు పీకుతుంది, బండి మాత్రం ఉలకదు పలకదు. అదే బండిని ఇద్దరు కుర్రాళ్లు వెనక నుంచి తోస్తే, సెకండ్ గేర్‌లో క్లచ్ వదలగానే టక్కున అందుకుంటుంది. మన వీధుల్లో రోజూ కనిపించేదే. "ప్లగ్‌కి చెమ్మ పట్టింది", "పొద్దున చలి కదా" అని సరిపెట్టుకుంటాం. చాలాసార్లు అసలు సంగతి వేరే ఉంటుంది. ఇంజిన్‌లో దమ్ము తగ్గి ఉంటుంది. మెకానిక్ మాటల్లో చెప్పాలంటే కంప్రెషన్ లేదు.

తోస్తే ఎందుకు అందుకుంటుందో ఒక్కసారి లెక్క వేసి చూడండి. కిక్ కొట్టినప్పుడు ఇంజిన్ నిమిషానికి ఏ నాలుగైదు వందల చుట్ల వేగంతోనో తిరుగుతుంది. ఆ వేగంలో పిస్టన్ అడుగు నుంచి పైకి రావడానికి సెకనులో 15వ వంతు పడుతుంది. రోడ్డు మీద 4000 చుట్లు తిరుగుతున్నప్పుడు అదే పని సెకనులో 130వ వంతులో అయిపోతుంది. ఎక్కడైనా సందు ఉంటే, కిక్ దగ్గర గాలి తీరిగ్గా జారిపోతుంది. పరుగులో జారిపోయే వ్యవధే ఉండదు. తోసినప్పుడు ఇంజిన్ కిక్ కంటే వేగంగా, ఆగకుండా తిరుగుతుంది కనుక అందుకుంటుంది.

కాబట్టి సెకండ్ హ్యాండ్ బండిని మెయిన్ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తోలి "పికప్ బాగుంది" అనుకుంటే చూడాల్సింది చూడనట్టే. బాగా చల్లారిన ఇంజిన్ మీద మొదటి కిక్ ఎలా ఉందో చూడాలి.

చెయ్యి పెట్టి చూడండి

మా పిన్ని కొడుకు డిగ్రీ పూర్తిచేసి హైదరాబాద్‌లో ఉద్యోగానికి వెళ్తూ, తెనాలిలోనే ఒక పాత స్ప్లెండర్ చూసుకున్నాడు. ట్యాంకు మీద ఇంకా హీరో హోండా పేరున్న బండి. ఆర్‌సీ రెన్యువల్ అయింది, టైర్లు బాగున్నాయి. సాయంత్రం వెళ్లి చూస్తే సగం కిక్కుకే స్టార్ట్ అయింది. వాడి ముఖం వెలిగిపోయింది. నేను వంగి బ్లాక్ మీద చెయ్యి పెట్టాను. కాలుతోంది. "ఇప్పుడే బజారుకెళ్లి వచ్చానండీ" అన్నాడు అమ్మే ఆయన.

మర్నాడు పొద్దున ఆరింటికి వెళ్లాం. ఇంజిన్ మంచులా చల్లగా ఉంది. చోక్ వేసి కొడుతుంటే పదిహేడో కిక్కుకు అందుకుంది. అప్పటికి ముగ్గురం మారాం. బేరం అక్కడి నుంచి మళ్లీ మొదలైంది. బండి బాడీ గట్టిగా ఉంది, కాగితాలు సరిగ్గా ఉన్నాయి కనుక ధర తగ్గించుకుని తీసుకున్నాం. ఆ బండి మాకు నేర్పిన సంగతులే ఇక్కడ ఎక్కువగా చెబుతున్నాను.

వేడెక్కిన ఇంజిన్‌లో లోహం వ్యాకోచించి కొన్ని సందులు మూసుకుంటాయి, పెట్రోలు బాగా ఆవిరవుతుంది. అరిగిన ఇంజిన్ కూడా వేడి మీద మంచి పిల్లాడిలా మాట వింటుంది. బండి చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు చేయాల్సిన పరీక్ష ఇదే, దీనికి ఏ పనిముట్టూ అక్కర్లేదు.

దగ్గు మందు మూతలో పట్టేంత చోటు

కంప్రెషన్ అంటే గాలీ ఇంధనం కలిసిన మిశ్రమాన్ని మండించే ముందు నొక్కడం. 1860లో పారిస్‌లో లెన్వార్ తయారుచేసిన గ్యాస్ ఇంజిన్ మిశ్రమాన్ని నొక్కేది కాదు, పీల్చినదాన్ని పీల్చినట్టే మండించేది. గ్యాస్ విపరీతంగా తాగి కొద్దిపాటి పని చేసేది. 1876లో జర్మనీలో నికోలస్ ఆటో, ముందు గట్టిగా నొక్కి తర్వాత మండించే నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌ను నడిపి చూపించాడు. మన ఇళ్ల ముందున్న ఫోర్ స్ట్రోక్ బండ్లన్నీ ఆ వంశానివే.

1994లో వచ్చిన స్ప్లెండర్‌ను తీసుకోండి. బోర్ 50 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 49.5 మిల్లీమీటర్లు, పిస్టన్ ఒకసారి పైకీ కిందికీ ఊడ్చే చోటు 97.2 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 9కి 1 అనుకుంటే, పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక మిగిలేది 12 మిల్లీలీటర్ల చోటు. దగ్గు మందు సీసా మూతలో పట్టేంత. దాదాపు 109 మిల్లీలీటర్ల గాలీ పెట్రోలూ ఆ మూతలోకి ఇరుక్కోవాలి. ఈ 12 అంకెను గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మూడుసార్లు అవసరం పడుతుంది.

నిష్పత్తి 9 అయినప్పుడు గేజ్‌లో ముల్లు 8 దగ్గర ఆగాలి కదా అని కొందరు అడుగుతారు. ఆగదు, పైకి పోతుంది. సైకిల్ పంపు నాలుగుసార్లు గట్టిగా కొడితే అడుగున చేతికి వేడి తగులుతుందే, ఇక్కడా అంతే. నొక్కిన గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి ఇంకా గట్టిగా తోస్తుంది. మంచి స్థితిలో ఉన్న 100 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 10 నుంచి 13 కేజీల మధ్య చూపిస్తుంది. పీఎస్‌ఐలో చెప్పాలంటే ఒక కేజీకి 14.2 చొప్పున వేసుకోవచ్చు. మీ బండికి సరైన అంకె ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే నమ్మండి.

కిక్ రాడ్ మీద నిలబడగలిగితే

గేజ్ లేకపోయినా కాలు ఉంది. తాళం ఆఫ్ చేసి, బండిని న్యూట్రల్‌లో పెట్టి, కిక్ రాడ్‌ను మెల్లగా కిందికి తొక్కండి. ఒకచోట గట్టిగా అడ్డుతగులుతుంది. కంప్రెషన్ మీదకు వచ్చిందన్నమాట. అక్కడ ఒంటి బరువు మోపి ఆగండి. మంచి ఇంజిన్ కొన్ని సెకన్లపాటు మిమ్మల్ని మోస్తుంది, మెల్లగా దిగుతుంది. దమ్ము పోయిన ఇంజిన్‌లో రాడ్ మెత్తటి నేలలో కర్ర దిగబడ్డట్టు సర్రున దిగిపోతుంది.

దీన్ని ఒక్క బండి మీదే చేస్తే మీ కాలికి తేడా తెలియదు. ముందు అదే మోడల్‌లో బాగా నడిచే బండి, పక్కింటివాళ్లదో స్నేహితుడిదో, ఒకసారి తొక్కి చూసి ఆ తర్వాత అమ్మకానికున్న బండి దగ్గరకు వెళ్లండి.

ఇక్కడో చిక్కు ఉంది. పాత స్ప్లెండర్‌లో కిక్ బలం గేర్‌బాక్స్, క్లచ్ మీదుగా ఇంజిన్‌కు చేరుతుంది. న్యూట్రల్‌లో పెడితేనే కిక్ పనిచేసేది అందుకే. క్లచ్ ప్లేట్లు అరిగి జారుతుంటే కూడా కిక్ తేలిగ్గా దిగిపోతుంది. రోడ్డు మీద రేస్ ఇచ్చినప్పుడు ఇంజిన్ అరుపు పెరిగి బండి మాత్రం ముందుకు లాగకపోతే అనుమానం ముందు క్లచ్ మీదకు పోవాలి.

కిక్కే లేని కొత్త బండ్లలో చెవి పనికొస్తుంది. సెల్ఫ్ నొక్కినప్పుడు మోటార్ ఒకసారి బరువుగా, ఒకసారి తేలిగ్గా, లయ ప్రకారం తిరగాలి. ఎక్కడా బరువు పడకుండా ఒకే తీరున గిర్రున తిరిగితే లోపల నొక్కుడు లేదని అర్థం.

"బోరుకొచ్చింది" అనే మాట

మా తమ్ముడి బండిని మొదట చూసిన మెకానిక్ రెండు కిక్కులు కొట్టి, "బోరుకొచ్చింది, బ్లాక్ పిస్టన్ మార్చాల్సిందే" అన్నాడు. ప్లగ్ కూడా విప్పలేదు. వాడు డబ్బు సర్దడానికి ఫోన్లు మొదలుపెట్టాడు కూడా.

నా బాధంతా ఇక్కడే. కంప్రెషన్ తగ్గడం జ్వరంలాంటిది. జ్వరం వచ్చిందనగానే ఆపరేషన్ రాసే డాక్టరును మనం ఒప్పుకోం కదా. దమ్ము పోయే దారులు నాలుగే: పిస్టన్ రింగుల పక్క నుంచి, వాల్వుల కింద నుంచి, హెడ్ ప్యాకింగ్ సందులోంచి, ప్లగ్ మొదట్లోంచి. ఏ దారిన పోతోందో తెలుసుకోవడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట ఎవరూ కేటాయించకపోవడం వల్ల ఎన్నో మంచి బ్లాకులు పాత ఇనుముకి పోతున్నాయి, నెల జీతగాళ్ల చేతిలో డబ్బు పోతోంది.

చప్పుడు లేని టాపెట్ మంచిదా?

మేం తర్వాత వెళ్లింది ఒక పెద్దాయన దగ్గరకు. మునిసిపల్ స్కూలు గోడ పక్కన రేకుల షెడ్డు. తమ్ముడు "బాబాయ్, బోరుకొచ్చిందంట" అని చెప్పబోతే, "ఉండు నాన్నా, రాత్రంతా చల్లారనీ, పొద్దున చూద్దాం" అన్నాడు.

పొద్దున ఆయన ముందుగా విప్పింది టాపెట్ మూతలు. ఎడమపక్క కవర్‌కున్న మూత తీసి, మ్యాగ్నెట్‌ను చేత్తో తిప్పుతూ దాని మీది టి గుర్తును కేసు మీది గీతకు ఎదురుగా తెచ్చాడు. రెండు రాకర్లనూ వేళ్లతో కదిపి చూశాడు. పీల్చే వాల్వు మీది రాకర్ సన్నగా టిక్కుటిక్కుమంది. సైలెన్సర్ వైపుది కదల్లేదు. ఫీలర్ గేజ్‌లో అన్నిటికంటే పల్చటి రేకు కూడా దూరలేదు.

టాపెట్లు చప్పుడు చేస్తే ఇంజిన్ పాడైందనీ, నిశ్శబ్దంగా ఉంటే బాగుందనీ మనలో చాలామంది నమ్మకం. తిరగేసి చూడాలి. నడిచేకొద్దీ వాల్వు తన సీటులోకి కొద్దికొద్దిగా అరుగుతూ దిగుతుంది. దాని తోక పైకి జరిగి రాకర్‌తో ఉన్న సందును తినేస్తుంది. ఆ సందు ఎంతనుకున్నారు? ఈ తరగతి బండ్లలో చాలావాటికి మిల్లీమీటరులో 20వ వంతు నుంచి పదో వంతు లోపు. అది సున్నా అయిందంటే వాల్వు పూర్తిగా మూసుకోదు. పైకి చప్పుడు ఉండదు, లోపల దమ్ము కారిపోతుంటుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. సైలెన్సర్ వైపు వాల్వు ఎర్రగా కాలుతూ పనిచేస్తుంది. మూసుకున్న ఆ కాస్త సేపే సీటుకు ఆనుకుని తన వేడిని హెడ్‌కు దింపుకుంటుంది. ఆనుకోకపోతే అంచు కాలి తునిగిపోతుంది.

చప్పుడు వినపడకూడదని టాపెట్లు బిగించి బండి అమ్మేవాళ్లున్నారు. చల్లటి ఇంజిన్ మీద సన్నగా టిక్కుటిక్కుమనే బండిని చూసి భయపడకండి, చడీచప్పుడు లేని పాత బండి అయితే మూత విప్పించి చూడండి.

పెద్దాయన సందు సరిచేసి, లాక్ నట్ బిగించి, నన్ను కిక్ తొక్కమన్నాడు. నిన్న సర్రున దిగిన రాడ్ ఇప్పుడు మధ్యలో ఆగింది. ఒక్క పైసా సామాను పడలేదు.

గేజ్ ఎప్పుడు అబద్ధమాడుతుంది?

ఆ తర్వాతే ఆయన గేజ్ తీశాడు. టాపెట్లు చూడకుండా గేజ్ పెట్టకూడదని ఆయన పద్ధతి, అదే సరైన పద్ధతి కూడా. ఇంజిన్‌ను కాసేపు నడిపి వేడెక్కించి, ప్లగ్ చుట్టూ దుమ్ము ఊది, 16 నంబరు ప్లగ్ పానాతో ప్లగ్ విప్పాడు. స్ప్లెండర్ ప్లగ్ మర 10 మిల్లీమీటర్లు, బుల్లెట్‌ది 14. గేజ్ మూతి దానికి తగ్గది ఉండాలి. విప్పిన ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి ఇంజిన్ ఇనుముకు తాకించాడు. అలా తాకించకుండా కిక్ కొడితే కరెంటు పోయే దారి లేక సీడీఐ దెబ్బతినే ప్రమాదం ఉంది.

"రేస్ పూర్తిగా తిప్పి పట్టుకో" అన్నాడు తమ్ముడితో. చాలామంది తప్పేది ఇక్కడే. రేస్ మూసి ఉంటే కార్బొరేటర్ దారి మూసినట్టే, ఇంజిన్‌కు పీల్చడానికి గాలే దొరకదు, మంచి ఇంజిన్ కూడా తక్కువ చూపిస్తుంది. చోక్ కూడా తీసేయాలి. ముల్లు ఇంక ఎక్కడం ఆపేదాకా ఐదారు కిక్కులు కొట్టాలి. మొదటి కిక్కుకే సగానికి పైగా ఎక్కి, రెండు మూడు కిక్కుల్లో నిలబడితే ఆరోగ్యం. కొంచెం కొంచెంగా మెట్లెక్కినట్టు ఎక్కితే ఎక్కడో కారుతోంది.

మా బండి ఎనిమిదిన్నర దగ్గర ఆగింది.

గేజ్‌ను కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. గాలి వెనక్కి రాకుండా ఆపే చిన్న వాల్వు గేజ్ పైపుకు ఇంజిన్ వైపు చివర ఉండాలి. అది పైనెక్కడో గేజ్ దగ్గర ఉంటే, పైపు లోపలి చోటంతా ఇంజిన్‌లో కలిసిపోతుంది. ఒక అడుగు పొడవు, లోపల 4 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న పైపులో దాదాపు 3.8 మిల్లీలీటర్లు పడుతుంది. కారుకు అదో లెక్క కాదు. మన స్ప్లెండర్‌కు ఉన్నదే 12. దానికి 3.8 కలిస్తే 9కి 1 నిష్పత్తి కాస్తా 7కి 1 అయి కూర్చుంటుంది! ఏ లోపమూ లేని ఇంజిన్‌ను కూడా ఆ గేజ్ రోగిష్టిదని చెబుతుంది. కార్ల షెడ్డు నుంచి అరువు తెచ్చిన గేజ్‌తో బండికి తీర్పు చెప్పించకండి.

చెంచాడు ఆయిల్ చేసే మోసం

రింగులా, వాల్వులా తేల్చడానికి పాత చిట్కా ఒకటుంది. ప్లగ్ రంధ్రంలోంచి కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ గేజ్ పెడతారు. ఆయిల్ రింగుల చుట్టూ చేరి సందు మూస్తుంది. అంకె బాగా పెరిగితే తప్పు రింగులది, బోర్‌ది. కదలకపోతే వాల్వులదో ప్యాకింగ్‌దో.

చిట్కా మంచిదే. ఎంత పోయాలన్న దగ్గరే గొడవ. పుస్తకాల్లో చెంచాడు అని ఉంటుంది, అది కార్ల కోసం రాసిన మాట. చెంచా అంటే 5 మిల్లీలీటర్లు. 12 మిల్లీలీటర్ల చోటులో 5 ఆయిలే ఆక్రమిస్తే గాలికి మిగిలేది 7. నిష్పత్తి 9 నుంచి 14 దాటిపోతుంది. రింగులు ఎలా ఉన్నా ముల్లు ఎగిరి పడుతుంది, "రింగులు పోయాయి" అని తీర్పు వస్తుంది, బాగున్న బ్లాకు లేత్ షాపుకు చేరుతుంది. 100 సీసీ బండికి 1 మిల్లీలీటరు చాలు. మందుల షాపులో దొరికే సిరంజితో కొలిచి వేయండి.

స్ప్లెండర్, సీడీ 100 లాంటి బండ్లలో ఇంకో సంగతి. వాటి సిలిండర్ నిటారుగా ఉండదు, ముందుకు దాదాపు పడుకుని ఉంటుంది. పోసిన ఆయిల్ అడుగు పక్కకే చేరుతుంది, రింగు పై భాగానికి అందదు. వేశాక రెండు మూడుసార్లు కిక్‌ను మెల్లగా తిప్పితే కొంతవరకు పరుచుకుంటుంది. అయినా ఇలాంటి ఇంజిన్ల మీద ఈ పరీక్షను సాక్ష్యంలో సగంగానే తీసుకోవాలి.

పంక్చర్ షాపు సాక్ష్యం

మిగతా సగం ఇది, నాకు అన్నిటికంటే నచ్చినది కూడా ఇదే. పెద్దాయన దగ్గర ఒక పాత ప్లగ్ ఉంది. లోపలి పింగాణీ కొట్టేసి, ఆ బోలులో ట్యూబ్ వాల్వు అతికించి ఉంది. దాన్ని ప్లగ్ స్థానంలో బిగించి, పిస్టన్‌ను కంప్రెషన్ మీద పూర్తిగా పైకి తెచ్చి, బండిని పక్కనున్న పంక్చర్ షాపు దాకా నెట్టించాడు. నెట్టాక టి గుర్తు మళ్లీ సరిచూసి, టాప్ గేర్‌లో వేసి నన్ను వెనక బ్రేక్ గట్టిగా తొక్కమన్నాడు. గాలి దెబ్బకు పిస్టన్ కిందికి తన్నుకుంటే చక్రం తిరిగి బండి దూకుతుంది, అందుకే ఆ జాగ్రత్త. కొద్ది ఒత్తిడితోనే మొదలుపెట్టించాడు.

గాలి పెట్టగానే ఆయన చెవి ఇంజిన్ చుట్టూ తిరిగింది. ముందు కార్బొరేటర్ మూతి దగ్గర ఆగింది. అక్కడ చప్పుడు లేదు, అంటే పీల్చే వాల్వు బాగుంది. ఆయిల్ పోసే మూత విప్పి విన్నాడు. చిన్న ఉసురు. అంత ఉసురు కొత్త ఇంజిన్‌లోనూ ఉంటుంది, రింగు చివరల మధ్య సన్నటి సందు ఉండక తప్పదు కనుక. హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య సబ్బు నురగ రాశాడు. బుడగ రాలేదు. చివరికి సైలెన్సర్ వెనక కూర్చుని మమ్మల్ని రమ్మన్నాడు. లోపల దూరంగా కుక్కర్ కూతకు ముందు వచ్చే బుస లాంటి చప్పుడు. మా తమ్ముడు అరచెయ్యి పెట్టి, "అన్నయ్యా, గాలి తగులుతోంది" అన్నాడు.

దొంగ సైలెన్సర్ వైపు వాల్వు. టాపెట్ బిగుసుకుపోయిన రోజుల్లో అంచు కొద్దిగా కాలింది. బ్లాకుకూ పిస్టన్‌కూ ఏ పాపమూ తెలియదు.

కవ్వం తిప్పినట్టు

హెడ్ విప్పి వాల్వు బయటికి తీస్తే అంచు మీద గోధుమగింజంత నల్ల మచ్చ కనిపించింది. లోతుగా తునగలేదు కనుక కొత్తది అక్కర్లేదన్నాడు. సీటు మీద గ్రైండింగ్ పేస్టు రాసి, వాల్వు తలకు రబ్బరు కప్పు ఉన్న కర్ర అంటించి, రెండు అరచేతుల మధ్య ఇటూ అటూ తిప్పడం మొదలుపెట్టాడు. అచ్చం మజ్జిగ చిలికే కవ్వంలాగే. మధ్యమధ్య ఎత్తి, కొంచెం తిప్పి, వేరే చోట ఆనిస్తాడు. గరగరమనే చప్పుడు క్రమంగా మెత్తబడింది. తుడిచి చూస్తే అంచు చుట్టూ బూడిదరంగు వలయం ఎక్కడా తెగకుండా వచ్చింది. ఆ వలయం తెగితే గాలి పోయేది అక్కడే.

బిగించాక హెడ్‌ను తిరగేసి, ప్లగ్ రంధ్రం మూసి, వాల్వుల గుంటలో కిరోసిన్ పోసి టీ తాగి వద్దామన్నాడు. వచ్చి చూస్తే చుక్క దిగలేదు. కిరోసిన్ ఆపిన సీటు గాలినీ ఆపుతుంది. మళ్లీ కూర్చి, కొత్త హెడ్ ప్యాకింగ్ వేసి గేజ్ పెడితే పదకొండున్నర.

పొగను చదవడం

నీలిపొగ చూడగానే కంప్రెషన్ పోయిందనుకోవద్దు. రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క నిమిషం నీలిపొగ వదిలి ఆగిపోతే, సాధారణంగా వాల్వు సీళ్లు గట్టిపడి రాత్రంతా ఆయిల్ దిగిందని. ఆ బండి కంప్రెషన్ నిక్షేపంగా ఉండొచ్చు, సీళ్ల ఖర్చు చిన్నది. లోడు మీద రేస్ ఇచ్చినప్పుడల్లా పొగ వస్తూ, ఆయిల్ తగ్గిపోతూ ఉంటే రింగుల వైపు చూడాలి. నల్లపొగ పెట్రోలు ఎక్కువై వచ్చేది, దానికి కార్బొరేటర్‌ను అడగాలి. చలి పొద్దుల్లో సైలెన్సర్ నుంచి వచ్చే తెల్లటి ఆవిరి పొగే కాదు.

అమ్మేముందు చిక్కటి ఆయిల్ పోయడం పాత ఎత్తు. 10డబ్ల్యూ30 పోయాల్సిన బండిలో 20డబ్ల్యూ50 పోస్తే అరిగిన రింగుల పొగ కొన్నాళ్లు అణుగుతుంది. డిప్‌స్టిక్ తీసి రెండు వేళ్ల మధ్య రాసి చూడండి. కొత్తగా తేనెరంగులో ఉన్న ఆయిల్ సంతోషపెట్టేదే, కానీ ఎప్పుడు మార్చారు, ఏ డబ్బాది పోశారు అని తప్పక అడగండి.

గేజ్‌లో అంకె బాగా ఎక్కువగా వచ్చినా ఆనందించకూడదు. ఆయిల్ తాగే ఇంజిన్‌లో పిస్టన్ నెత్తిన మసి పేరుకుని, ఆ 12 మిల్లీలీటర్లలో కొంత చోటు అదే తినేస్తుంది.

రింగులు నిజంగానే పోతే

రింగు తన స్ప్రింగ్ బలంతోనే గోడకు ఆనుకుంటుందని అనుకుంటాం. అసలు బలం దాని వెనక గాడిలోకి దూరిన గాలిది. నొక్కుడు పెరిగేకొద్దీ రింగును అదే గోడకేసి గట్టిగా అదుముతుంది. 1850లలో ఆవిరి ఇంజిన్ల కోసం జాన్ రామ్స్‌బాటమ్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు తెచ్చిన కోత రింగు ఇప్పటికీ దాదాపు అదే రూపంలో మన బండ్లలో ఉంది. గాడి మసితో పూడుకుంటే గాలి వెనక్కి చేరదు, రింగు అతుక్కుపోతుంది. ఏడాదిపాటు వరండాలో నిలబెట్టిన బండికి కంప్రెషన్ తక్కువ వస్తే వెంటనే విప్పకండి. ఆయిల్ మార్చి పదిపదిహేను రోజులు తోలి మళ్లీ చూడండి. అతుక్కున్న రింగులు వదులై అంకె పైకొచ్చిన బండ్లు ఉన్నాయి.

బ్లాకు తీసి చూడాల్సి వస్తే లోపలి గోడ మీద పైనుంచి కిందికి గోరుతో గీయండి. రింగు ఆగే చోటుకు పైన మెట్టులాగా గోరు తగిలితే గోడ అరిగింది. అప్పుడు లేత్ షాపులో బోర్ చేయించి 0.25, 0.50 ఇలా పెద్ద సైజు పిస్టన్ వేస్తారు. సామాన్యంగా 1.00 మిల్లీమీటరు దాకా నాలుగు అవకాశాలు. కొనే బండికి ఇప్పటికి ఎన్నిసార్లు బోర్ అయిందో తెలిస్తే దాని ఆయుష్షు సగం తెలిసినట్టే.

బోర్‌ను అన్నిటికంటే త్వరగా తినేది దుమ్ము. చప్పుడు బాగుంటుందని, పికప్ వస్తుందని ఎయిర్ ఫిల్టర్ తీసేసి తిరిగే కుర్రాళ్లకు ఇది నా విన్నపం. క్వారీల దారిలో లేచే రాతిపొడి ఆయిల్‌లో కలిస్తే, పెద్దాయన చేతిలోని ఆ గ్రైండింగ్ పేస్టుకూ దానికీ తేడా ఉండదు. తేడా అల్లా అది రోజంతా మీ బోర్‌ను రుద్దుతుంది.

వీటికి లెక్క వేరు

యమహా ఆర్‌ఎక్స్ 100 టూ స్ట్రోక్. తెరుచుకుని మూసుకునే టాపెట్ వాల్వులు లేవు, సిలిండర్‌తోపాటు కింద క్రాంక్ కేసు కూడా మిశ్రమాన్ని నొక్కి పైకి పంపాలి. క్రాంక్ సీళ్లు పోతే ప్లగ్ దగ్గర గేజ్ బాగానే చూపించినా బండి సరిగ్గా నడవదు.

పాత ఇనప ఇంజిన్ బుల్లెట్ 350కి హ్యాండిల్ దగ్గర డీకంప్రెసర్ మీట ఉంటుంది. కంప్రెషన్‌ను కావాలని కాస్త వదిలి, పిస్టన్‌ను దాటించి, అప్పుడు కిక్ కొట్టడానికి. ఆ మీట తీగ బిగుసుకుపోయి వాల్వును కొద్దిగా ఎత్తి పట్టుకుంటే కంప్రెషన్ పోయినట్టే కనిపిస్తుంది. ముందు ఆ తీగను వదులు చేసి చూడాలి. తర్వాత వచ్చిన యూసీఈ ఇంజిన్లలో ఈ పని క్యామ్ మీద ఉండే చిన్న ఏర్పాటు తనంతట తానే చేస్తుంది. తక్కువ వేగంలో వాల్వు కాస్త తెరిచే ఉంటుంది కనుక సెల్ఫ్‌తో తిప్పి గేజ్ చూస్తే తక్కువే వస్తుంది. అలాంటి బండికి పంక్చర్ షాపు గాలి పరీక్షే సరైన సాక్షి.

ఊరు మారితే అంకె మారుతుంది

బండి హైదరాబాద్ చేరిన రెండు నెలలకు తమ్ముడు రాత్రిపూట ఫోన్ చేశాడు. "అన్నయ్యా, కంప్రెషన్ మళ్లీ పడిపోయింది. ఇక్కడ గేజ్ పెట్టిస్తే 10.8 వచ్చింది. మనం చేయించినప్పుడు పదకొండున్నర కదా!"

"కిక్ ఎన్నోదానికి అందుకుంటోంది?"

"మొదటిదానికే."

తెనాలి దాదాపు సముద్రమట్టంలోనే ఉంది. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి ఆరు శాతం దాకా తక్కువ. ఇంజిన్ పీల్చే గాలే పల్చనైతే నొక్కాక వచ్చే అంకె కూడా అంతే వంతున తగ్గుతుంది. 11.5లో ఆరు శాతం తీసేస్తే 10.8. ఇదే బండి 900 మీటర్ల ఎత్తున్న అరకులోయకు తీసుకెళితే 10.3 దగ్గర ఆగుతుంది.

సైడ్ కవర్ విప్పి లోపలివైపు మార్కర్‌తో రాసుకోమన్నాను: తేదీ, కిలోమీటర్లు, 10.8, హైదరాబాద్, వేడి ఇంజిన్. దాని పైన పెద్దాయన అంతకుముందే రాసిపెట్టిన వరుస ఉంది: తేదీ, 11.5, తెనాలి.

"ఇదెప్పుడు రాశాడు అన్నయ్యా, నేను చూడనే లేదు" అన్నాడు.

"నువ్వు టీ డబ్బులు ఇవ్వడానికి వెళ్లినప్పుడు."